తొమ్మిది వంతుల నీళ్ళు

మూడుసార్లు చేసినా లెక్క మొండికేసింది. ద్రావణం గాఢత 0.15 మోలార్ అనే వస్తోంది. పుస్తకం వెనక మాత్రం 1.5 అని ఉంది. కూతురికి ఒళ్ళు మండి, ఆ జవాబును ఎర్ర సిరాతో కొట్టేసింది.

"ఏంటే ఆ చిందులు?" అంది రంగుల కార్ఖానా నుంచి అప్పుడే వచ్చిన అమ్మ, నీలం వదలని చేతులు తుడుచుకుంటూ.

"పుస్తకం తప్పమ్మా! ఈ లెక్కలో ద్రావణం మరీ చిక్కగా ఉందని, ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపారు. అది ఎంత వెలుతురు పీల్చుకుందో చూసి గాఢత కట్టాను."

"తొట్టిలో రంగు మేమూ అలాగే చూస్తాం. మరి వాళ్ళడిగింది నీళ్ళు కలిపాకా, కలపకముందా?"

కూతురు నాలుక కరుచుకుంది. పదితో గుణించనే లేదు.

"ఈసారి ఎర్ర పెన్ను తీసేముందు," అంది అమ్మ, "నీ కోపంలోనూ తొమ్మిది వంతుల నీళ్ళు కలుపు."