దక్షిణం వైపు తల

నా భార్య యశోద ఒంటిని చల్లబరచిన మిషన్ ఒక్కటే. శవాల పెట్టె.

మిరప కల్లంలో ఎండకు పడిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఆటోలో తీసుకెళ్లిన దవాఖానాలో తడిగుడ్డలు వేశారు, సెలైన్ ఎక్కించారు, ఐసు కోసం మనిషిని పంపారు. ఐసు వచ్చేలోపే పోయింది. ఇంటికి తెచ్చాక శవాల పెట్టెలు కిరాయికిచ్చే లచ్చిరాం పెట్టె మాత్రం జల్దీగా వచ్చింది. అందులో ఆమె రాయిలా చల్లబడింది. చూడ్డానికి వచ్చినవాళ్లు ‘మంచి పెట్టె’ అన్నారు. వాళ్లను మళ్లీ నా గడప తొక్కనివ్వలేదు.

నాకు పాల్వంచలో ఫ్రిజ్‌ల రిపేరు షాపు ఉంది. చదివింది ఊరి బడిలోనే. లచ్చిరాం పెట్టెలు బాగుచేసేది నేనే. అతని మనుషులు దొరకనప్పుడు చావు ఇళ్లలో వాటిని దించి అమర్చేదీ నేనే. యశోద దినాలు కాగానే ఆమె పడుకున్న పెట్టెను కొనేశాను.

“దీన్నేం జేస్తవ్?” అన్నాడు లచ్చిరాం.

“బతికినోళ్లకు పెడత.”

నాకు మతి పోయిందని అతను బజారంతా చెప్పుకొచ్చాడు. చెప్పుకోనీ.

పక్క షాపు టైలర్ పేరు ఆరోగ్యం. అతని కూతురు తబితా. హైదరాబాద్‌లో వైద్య పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీలో ఇంజనీరు. వడదెబ్బ తగిలినవాళ్లకు చుట్టే నీళ్ల దుప్పటి మీద పనిచేస్తోంది. దుప్పటి నిండా సన్నని దారులు ఉంటాయి. వాటిలో తిరిగే చల్లనీళ్లు ఒంటి వేడిని మోసుకుపోవాలి. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, అద్దం మూత ఊడదీసిన నా పెట్టెను చూసింది. నవ్వలేదు. అందుకే లోపలికి రానిచ్చాను.

“కాకా, దీని చల్లను నీళ్లలకు ఎట్ల దింపుతవ్?”

“రాగి చుట్టను డబ్బాల ముంచుత. ఆ నీళ్లే దుప్పట్లకు. మంచు లెక్క ఉంటయ్.”

“అయితే నువ్వే పండు.”

చుట్ట ముంచి, ఆమె తెచ్చిన దుప్పటి చుట్టుకుని పడుకున్నాను. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. చేతుల మీద తోలు బిగుసుకుంది. తబితా పంపు ఆపింది.

“చూసినవా? మరీ చల్లగుంటే తోలు కింది నెత్తురు నరాలు ముడుసుకుంటయ్. లోపలి వేడి లోపల్నే ఉంటది. పైకెల్లి వణుకుతుంటే ఒళ్లు ఇంకింత వేడి పుట్టిస్తది. మనిషి ఇనుము గాదు కాకా.”

“మరేం జేయమంటవ్? పక్కన కూసొని ఊదమంటవా?”

“నీళ్లు తక్కువ చల్లగుండాలె. కానీ ఎక్కువ నీళ్లు తిరగాలె. వేడి దాటే జాగ పెద్దగుండాలె.”

రాగి చుట్టను పక్కన పడేయించింది. అలల్లా వంకర్లు తిరిగిన పల్చటి స్టీలు రేకులను ఒకదాని మీద ఒకటి పేర్పించింది. ఒక సందులో పెట్టె వైపు నీళ్లు, గడ్డకట్టకుండా మందు కలిపినవి. దాని పక్క సందులో దుప్పటి నీళ్లు. ఇవి ఇటు పోతుంటే అవి అటు వస్తాయి. రెండూ ఎక్కడా కలవవు. మధ్యలో రేకు దాటేది వేడి ఒక్కటే.

మొదట పేర్చినప్పుడు సందులు మరీ ఇరుకై పంపు మూలిగింది. సందులు పెంచితే వేడి సరిగా దాటలేదు. రేకులు పెంచాం. కారింది. మళ్లీ విప్పాం. గొట్టాల విషయంలో తబితా అసలు వినలేదు. పొట్టిగానే ఉండాలంది. మన ఎండకు గొట్టంలోనే నీళ్లు వేడెక్కుతాయట. ఆమె మాటే నెగ్గింది.

నా మాట నెగ్గింది ఒక్క దగ్గరే. పెట్టె పక్కన నీలం రంగుతో ‘అంతిమయాత్ర’ అని రాసి ఉంది.

“దీని మీద రంగెయ్యి కాకా. ఎవరు పండుతరు దీని దగ్గర?”

“వెయ్య.”

“ఎందుకంత మొండి?”

“సచ్చినంక వచ్చిన మిషన్ ఇదే అని అందరు చూడాలె.”

“నీ పంతం కోసం ఎవడన్న పానం మీదికి తెచ్చుకుంటే?”

నేను రేకుల బోల్టులు బిగించాను. రంగు మాత్రం వేయలేదు.

భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న చిన్న దవాఖానాలో డాక్టరు దాన్ని పరీక్షకు పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. షరతు ఒక్కటే. ఇంటివాళ్లు సరే అనాలి. పెట్టెను దించి, కరెంటు బోర్డు పక్కన ఆనించి, మంచం వేసి, దిండు పెట్టి దుప్పటి పరిచాను. తబితా కూడా సెలవు పెట్టి వచ్చింది. తునికాకు కోతలు మొదలయ్యాయి. మనుషులు పడిపోయే కాలం.

పోతయ్యను ఆకు కల్లం నుంచి ఆటోలో తెచ్చారు. ఏదేదో మాట్లాడుతున్నాడు. చెమట లేదు. నర్సు సంపూర్ణ థర్మామీటరు చూసి, ఎవరికీ చూపకుండా పక్కన పెట్టింది. డాక్టరుకు ఫోన్ చేసి, సెలైన్ పెట్టి, ఉన్న ఐసంతా చంకల్లో పెట్టింది. అది చూస్తుండగానే కరిగిపోయింది. తబితా పంపు వేసింది. పోతయ్యను లేపి మంచం దగ్గరికి తెచ్చాం.

అతని భార్య జంపక్క అడ్డం నిలబడింది.

“వద్దు. నా మొగన్ని దీని మీద పండవెట్టొద్దు.”

తబితా నా వైపు చూసింది. నీలం అక్షరాల వైపు చూసింది. నాకు ఒళ్లు మండింది.

“ఇయ్యాల దీని పక్కన వద్దంటవ్. రేపు దీని లోపల పెడ్తరు. గప్పుడు వద్దంటవా?”

“పగిడయ్యన్నా! నోరా అది?” అంది సంపూర్ణ.

“నీ నోట్ల మన్నువడ!” జంపక్క చేతిలోని తడి తువ్వాలతో నా మొహం మీద కొట్టింది. “నా మొగడు ఇంక ఊపిరి తీస్తుండు!”

“నా పెండ్లాం గూడ తీసింది. అప్పుడు ఇది రాలె. సచ్చినంక వచ్చింది. ఆ రాత చూసి బుగులువడ్తున్నవా? మంచిగ చూడు. నేనైతే తుడువ.”

“ఏం రాతనయ్యా? నాకు సదువొస్తదా? మెత్త ఎటు పెట్టినవ్ చూడు! బతికినోని తల దక్షిణానికి పెడ్తరా ఎవరన్న?”

చూశాను. దిండు దక్షిణానికే ఉంది. వేరేచోట అటు తల మంచిదంటారేమో, మా దిక్కు శవానికి అటే పెడతారు. ఇన్నేళ్లు చావు ఇళ్లలో అలవాటైన చేతులు ఇక్కడా అదే పని చేశాయి. నన్ను అడగలేదు.

“అటు తిప్పి పండవెట్టుర్రి, నాకేం అడ్డం లేదు” అంది జంపక్క. “జల్దీ చేయుర్రి!”

“గొట్టాలు అందవు కాకా,” అంది తబితా. “కాళ్ల దిక్కే తగిలించాలె. దుప్పటి తిరగేస్తే మెడకు, చంకలకు నీళ్లు పోవు.”

నిజమే. గొట్టాలు పొట్టివి. పెట్టె ఉత్తరాన ఉంది. గొట్టాలు ఊడదీసి పెట్టెను పట్టుకుని గుంజాను. కదల్లేదు. భుజం ఆనించి తోశాను. నా పక్కన ఇంకో భుజం వచ్చి ఆనింది. జంపక్కది. సరిగ్గా నీలం అక్షరాల మీద.

“తొయ్యవయ్యా! నోటికున్న బలం చేతికి లేదా?”

నేల మీద గీతలు పెడుతూ పెట్టె మంచం చుట్టూ తిరిగింది. కరెంటు వైరు సాగి అందింది. తబితా దుప్పటి, దిండు తిప్పి గొట్టాలు తగిలించింది. పోతయ్య తల ఉత్తరానికి వచ్చింది. అది కూడా మంచిది కాదంటుందేమోనని జంపక్క వైపు చూశాను.

“శవాన్ని గట్ల పెట్టరు. సాలు,” అంది.

నీళ్లు తిరిగాయి. దుప్పటి నుంచి వెనక్కి వచ్చే గొట్టాన్ని పట్టుకున్నాను. చేతికి గోరువెచ్చగా తగిలింది. అది పోతయ్య వేడి. రేకుల దాకా పోయి, రేకు దాటి, పెట్టె వెనక జాలీ నుంచి గదిలోకి, గదిలోంచి ఎండలోకి పోతోంది. యశోదలోంచి ఈ వేడిని తీసుకుపోయే దారి ఎవడూ వేయలేదు. నేను కూడా. గొట్టం వదల్లేదు.

అది చల్లబడే దాకా పట్టుకునే ఉన్నాను. పోతయ్య వణకలేదు. సంపూర్ణ మళ్లీ థర్మామీటరు పెట్టి, తీసి, ఈసారి తబితాకు చూపించింది. తబితా పంపు తగ్గించింది. చాలాసేపటికి పోతయ్య కళ్లు తెరిచాడు.

“ఆకు ఎండవోసిన్రా?” అన్నాడు భార్యతో.

“ఎండవోసిన్రు. నిన్ను గూడ ఎండవోసిన్రు. పండుకో సప్పుడు జేయక.”

ఆమె నాకు దండం పెట్టలేదు. పెడితే నాకు నచ్చేదీ కాదు. పెట్టె దగ్గరికి వచ్చి అక్షరాల మీద వేలు పెట్టింది.

“ఏం రాసిండ్రు దీని మీద?”

తబితా తల తిప్పుకుంది.

“చివరి ప్రయాణం అని,” అన్నాను.

జంపక్క మంచం వైపు చూసింది. మొగుడు కాళ్లు కదిలిస్తున్నాడు.

“అబద్ధం రాసిండ్రు. తుడిచెయ్యరాదు?”

“తుడువ,” అన్నాను. “ఇంక శానమందిని పండవెట్టాలె. అందరు అబద్ధమననీ.”