కఫన్ బట్టకు చిట్టీ

దుబాయిలో పన్నెండేళ్లు చెమటోడ్చి వచ్చినవాడు వెంట ఏం తెచ్చుకుంటాడు? సెంటు సీసాలో, టేపురికార్డరో. గఫూర్ మాత్రం కెమెరా తెచ్చుకున్నాడు. తండ్రి పోయాక చేతికొచ్చిన బట్టల దుకాణంలో, కామారెడ్డి స్టేషన్ రోడ్డు మీద, దాన్ని పైకప్పు మూలన బిగించాడు. గల్లా పక్కన చిన్న టీవీ, కింద వీసీఆర్. రెండే క్యాసెట్లు, వాటిమీదే మళ్లీ మళ్లీ తీసేవాడు. జనం తిరణాలకు వచ్చినట్టు వచ్చి టీవీలో తమ మొహాలు చూసుకుని మురిసిపోయారు.

"మనకు కండ్లు లేవా సేటూ?" అన్నాడు రాజేశం. ఎల్లారెడ్డి నుంచి వచ్చే మనిషి. గఫూర్ తండ్రి కాలం నుంచీ ఆ దుకాణంలో బట్ట కొలిచి ఇచ్చేది ఆయనే.

"గీ కన్ను నిద్రపోదు రాజేశమన్నా," అని నవ్వాడు గఫూర్.

నెల తిరక్కుండానే ఆ కన్ను రాజేశాన్నే పట్టింది. క్యాసెట్టు వెనక్కి తిప్పి చూస్తుంటే గఫూర్‌కు రక్తం సలసల కాగింది. తను మధ్యాహ్నం నమాజుకు పోయిన వేళ అది. రాజేశం అరలోంచి తెల్లబట్ట తాను దించాడు. గజం కర్ర పట్టలేదు, కత్తెర ముట్టలేదు. చేత్తో చింపి, మడిచి, వెనక తలుపు దగ్గర నిలబడ్డ ఓ ముసలమ్మ చేతిలో పెట్టాడు. బిల్లు చిట్టీ రాయలేదు, పైసా తీసుకోలేదు. ఆమె వెళ్లేదాకా తల వంచుకొని నిలబడ్డాడు.

దొంగ కాకపోతే తలెందుకు వంచుకుంటాడు?

మర్నాడు గిరాకీలందరి ముందూ నిలదీశాడు. "గిదేంది? ఎవరికిచ్చినవ్? చెప్పు!"

"చెప్పేది కాదు సేటూ," అన్నాడు రాజేశం. అంతే. తువ్వాల భుజాన వేసుకుని, దుకాణం గడపకు మొక్కి, ఎల్లారెడ్డి బస్సెక్కాడు.

ఆ తర్వాతే మొదలైంది పీడ. ఎన్నిసార్లు కొత్తగా తీసినా, వెనక తలుపు దగ్గర ఓ మసక ఆకారం తల వంచుకొని కనిపించేది. అరిగిన క్యాసెట్టు, పాత బొమ్మ చెరగలేదని సర్దిచెప్పుకున్నాడు. హైదరాబాదు నుంచి కొత్తది తెప్పించి తన చేత్తోనే సీలు విప్పాడు. యా అల్లా! అందులోనూ రాజేశమే. బతికున్న మనిషి దయ్యమెలా అవుతాడు? ఆ తలుపుకు వీపు పెట్టి కూర్చోవాలంటే గఫూర్‌కు ధైర్యం చాలేది కాదు.

మూడు నెలలకు ఆ తలుపు దగ్గర నిజంగానే ఓ మనిషి నిలబడ్డాడు. రాజేశం తమ్ముడు భూమేశ్.

"అన్న తెల్లారంగ పోయిండు సేటూ. మీద కప్పేటందుకు గీ దుకాణం బట్టనే తెమ్మన్నడు."

గఫూర్ గల్లా వదిలి వచ్చాడు. తెల్ల తాను దించి గజం కర్ర అందుకున్నాడు.

"కఫన్ బట్ట కొలువద్దు సేటూ. చేత్తోని చింపాలె. మీ బాపు పెట్టిన కట్టడి గది. లేనోళ్లింట్ల ఎవరు పోయినా, ఏ మతమోళ్లయినా, ఎనక తలుపుకాడ పైస తీస్కోకుంట ఊకెనే ఇయ్యాలె. సచ్చినోళ్లకు మర్యాదని, వాళ్లు పోయేదాంక తల వంచుకోని నిలవడాలె. ఎవరికిచ్చినమో చెప్పొద్దు. గా దినం వచ్చిన ముసలామె నాగవ్వకు పెనిమిటి పోయిండు. మీ బాపుకు ఇచ్చిన మాటని అన్న నోరిప్పలే. గియ్యాల పానం పోంగ నాకు చెప్పిండు."

గఫూర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. చేత్తోనే బట్ట చింపి అందించాడు. "తీస్కపో భూమేశ్. పైసలొద్దు."

"వద్దంటే ఎట్ల? చిట్టీ రాయి సేటూ. చిట్టీ లేకుంటే నీ కెమెరా డబ్బా మా అన్నను మల్ల దొంగంటది."

గఫూర్ రాసిచ్చాడు. భూమేశ్ దాన్ని బట్ట మడతలో పెట్టుకుని పోయాడు.

ఆ సాయంత్రం గఫూర్ క్యాసెట్టు వెనక్కి తిప్పాడు. వెనక తలుపు దగ్గర మసక ఆకారం లేదు. ఒక్కడే ఒక మనిషి, గల్లా వదిలి వచ్చి, చేతులకు తెల్ల పోగులు అంటుకుని, తల వంచుకొని నిలబడి ఉన్నాడు. అది తన బొమ్మేనని తెలియడానికి గఫూర్‌కు కాసేపు పట్టింది. ఎవరు చూసినా దొంగ అనే అంటారు.