మూలుగ

దర్శిలో సిలార్ కుట్టిన పరుపు పదేళ్ళయినా ఉండలు కట్టదని పేరు. విల్లు పట్టి దూది ఏకడం మొదలుపెడితే పొద్దుగూకేదాకా చెయ్యి ఆగని మనిషి. అలాంటివాడు 1962 ఎండాకాలంలో భార్య మాబూబీని గుంటూరు ఆసుపత్రిలో చేర్చి, ఏం చెయ్యాలో పాలుపోక మంచం పక్కన కూర్చున్నాడు.

చలికాలంలో ఆమెకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తర్వాత రెండు నెలలకు పాలిపోసాగింది. బావి దగ్గర్నుంచి బిందె తెచ్చేలోపు రెండుసార్లు చతికిలబడేది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం. కాళ్ళ మీద ఆవగింజలంత ఎర్రచుక్కలు. "ఒంట్లో రక్తం లేదురా, తిండి పెట్టు" అన్నారు ఊళ్ళోవాళ్ళు. మేక కార్జం పెట్టాడు, టానిక్కు తాగించాడు. ఏదీ పనిచెయ్యలేదు.

ఆసుపత్రిలో రొమ్ము ఎముకలోకి లావుపాటి సూది దించి పరీక్ష చేశారు. మర్నాడు డాక్టర్ యేసుపాదం గారు సిలార్‌ను వరండాలోకి పిలిచారు.

"రక్తం ఎక్కడ పుడుతుందో తెలుసా?"

"గుండెలోనాండీ?"

"గుండె తిప్పుతుందంతే. ఎర్రకణాలు పుట్టేది ఎముకల లోపలి మూలుగలో. ఒక్కొక్కటి నాలుగు నెలలు బతుకుతుంది. రోజూ కోట్లకొద్దీ పోతుంటాయి, అన్నే కొత్తవి పుడుతుంటాయి. మీ ఆవిడకి పుట్టడం ఆగిపోయిందయ్యా. మూలుగలో కొవ్వు తప్ప ఏం మిగల్లేదు."

"ఎందుకాగిందండీ?"

"జ్వరానికి వాడిన మందు వల్ల కావచ్చు, కాకపోవచ్చు. నాకు తెలీదు."

ఆ సాయంత్రం సిలార్ మూలుగ ఎముకలు కొనుక్కొచ్చి చారు కాచాడు. డాక్టరు చూసి వద్దనలేదు. "తాగించు. కానీ అది కడుపులో అరిగిపోతుంది, ఎముకలోకి చేరదు."

సిలార్ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "అయితే నా ఎముకలోది తీసి పెట్టండి బాబూ. ఎంత కావాలంటే అంత తియ్యండి."

"ఆ వైద్యం ఇంకా మా చేతికి రాలేదయ్యా" అన్నారు డాక్టరు, తల పక్కకి తిప్పుకుని.

రక్తం మాత్రం తీసుకున్నారు. సిలార్‌దీ ఆమెదీ ఒకటే గ్రూపు. ఒక సీసా ఎక్కించాక మాబూబీ లేచి జడ వేసుకుంది. పక్క మంచాలవాళ్ళతో నవ్వింది. మూడు వారాలకు మళ్ళీ తెల్లబడింది. రెండో సీసా ఆమె అన్న కరీముల్లా ఇచ్చాడు. అది రెండు వారాలైనా నిలవలేదు. సిలార్ మళ్ళీ చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడితే, ఇంత తొందరగా తియ్యకూడదని నర్సు పంపేసింది.

"ఇంటికి పోదామయ్యా" అంది మాబూబీ. "ఎన్ని పోసినా లోపల ఊట లేదుగా."

బస్సులో దర్శి తీసుకెళ్ళాడు. ఎనిమిదో రోజు పొద్దున ముక్కులోంచి రక్తం మొదలైంది. ఆగలేదు. సిలార్ ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, తడిసిన గుడ్డ తీసి పొడిది అదుముతూ కూర్చున్నాడు. కరీముల్లా వచ్చి, "బావా, ఇక చాలు" అని చెయ్యి పట్టుకునేదాకా ఆమె పోయిందని అతనికి తెలియలేదు.