నీ సగం నువ్వు

కూతురు బడిలో చేరబోతుందనగా వచ్చిన లెక్కల పెట్టెకు మిసుజు మూత కూడా తియ్యలేదు. అందులో అగ్గిపుల్లలంతేసి పుల్లలు, రంగు బిళ్ళలు, గోళీలు ఉంటాయి. ప్రతి పుల్ల మీదా పిల్ల పేరున్న కాగితం ముక్క అంటించాలని బడివాళ్ళ నియమం. ఊపిరి బిగబట్టి, కళ్ళు చికిలించి చెయ్యాల్సిన పని. టోక్యోలో ఏ ఇంట చూసినా అది తల్లి నెత్తినే పడుతుంది. మిసుజు ఆ పెట్టెను గుడ్డలో మూటగట్టి, "ఇది మీ నాన్న వాటా" అని కూతురు వకనా చేతికిచ్చి పంపేసింది. పంపేసి, చాలాకాలం తర్వాత టీ వేడిగా ఉండగానే తాగింది.

అవును, కక్షే. అది దాచుకోవలసిన సంగతని ఆమె అనుకోలేదు. కాపురం చేసినన్నాళ్ళూ కత్సుయా ఎప్పుడైనా పిల్లకు స్నానం చేయిస్తే, "నీకు సాయం చేశాను కదా" అనేవాడు. తన బిడ్డకు తను నీళ్ళు పోస్తే అది పెళ్ళానికి సాయమట! ఆదివారం పార్కుకు తీసుకెళ్తే దానికి "కుటుంబ సేవ" అని పేరు పెట్టి ఆఫీసులో చెప్పుకునేవాడు. అతనికి ఒసాకా బదిలీ అయినప్పుడు, చేతికందబోతున్న పై ఉద్యోగాన్ని వదులుకుని వెంట వెళ్ళింది మిసుజు. ఇంట్లో కూర్చుని తినే అదృష్టం అందరికీ పట్టదంది అత్తగారు. టోక్యో తిరిగొచ్చాక మిసుజు మళ్ళీ కింది మెట్టు నుంచి ఉద్యోగం మొదలుపెట్టింది.

విడాకుల దగ్గరికి వచ్చేసరికి కత్సుయా ఎంత ఉదారంగా మాట్లాడాడో! పిల్ల తల్లి దగ్గరే ఉండాలట, తను నెలకోసారి వచ్చి చూసుకుంటాడట. కుటుంబ న్యాయస్థానంలో రాజీ కుదిర్చే పెద్దలిద్దరూ తలలూపారు. ఇదివరకైతే విడిపోయాక బిడ్డ ఒకరికే చెందేది. ఇప్పుడు చట్టం మారింది, ఇద్దరూ తల్లిదండ్రులుగానే ఉండొచ్చు. చట్టం సంగతి నీకెందుకు, గెలిచావు, పిల్లను తెచ్చుకో అంది మిసుజు తల్లి. నెలకోసారి ఐస్‌క్రీములు తినిపించే దేవుడు అతనూ, రోజూ పళ్ళు తోముకోమని అరిచే రాక్షసి తనూనా? ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"నాకు సగం చాలండీ," అంది పెద్దలతో. "సోమ, మంగళ, బుధవారాలు పిల్ల వాళ్ళ నాన్న దగ్గరుంటుంది. జ్వరమొచ్చినా సరే."

కత్సుయా మొహంలో నెత్తురు చుక్క లేదు. పెద్దల ముందు వద్దనలేక సంతకం పెట్టాడు. బిడ్డను పంచిపెట్టే తల్లిని ఎక్కడా చూడలేదని అత్తగారు ఫోన్ చేసి మరీ తిట్టింది. మిసుజు ఆ తిట్లన్నీ పాటలా విన్నది.

మొదటి జ్వరానికి మందెంత వెయ్యాలని కత్సుయా ఫోన్ చేశాడు. సీసా మీద రాసుంటుంది చదువుకోమంది. ఆపైన, అతని నోట ఎన్నిసార్లో విన్న మాటనే అతనికి వడ్డించింది: "నేను పనిలో ఉన్నాను." ఆ మాట ఇంత తియ్యగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో అనేసేది.

కాళ్ళబేరానికి వస్తాడని ఎదురుచూసింది. రాలేదు. లెక్కల పెట్టె మాత్రం తిరిగొచ్చింది, పేర్లు సగం తలకిందులుగా.

"నాన్న వేళ్ళకే అంటుకుపోయాయమ్మా," అని పడీపడీ నవ్వింది వకనా. "ఇద్దరం కూర్చుని పీకాం."

ఒకప్పుడు నాన్న పేరెత్తే ముందు తల్లి మొహంలోకి చూసే పిల్ల ఇది. విడిపోయిన కొత్తలో గోళ్ళు చిగుళ్ళ దాకా కొరుక్కునేది, పక్క తడిపేది. ఇప్పుడు రెండిళ్ళలోనూ ఒళ్ళెరగక నిద్రపోతోంది. అమ్మ తిడితే చెప్పుకోడానికి నాన్న ఉన్నాడు, నాన్న తిడితే అమ్మ ఉంది. తన కక్షకు ఇలాంటి కాయ కాస్తుందని మిసుజు అనుకోలేదు. కాస్త ఉడుక్కుంది కూడా.

ఆ చలికాలంలో కత్సుయాకు పై పదవితో దూరపు ఊరికి బదిలీ వచ్చింది. వెళ్ళనన్నాడు. మంగళవారం పిల్లకు ఈత, తను గట్టున లేకపోతే నీళ్ళలో దిగదు అన్నాడట. కంపెనీ అతన్ని పనిలేని మూల బల్లకు తోసేసింది. అత్తగారు ఏడుస్తూ ఫోన్ చేసింది.

"నా కొడుకు బతుకు ముంచేశావు."

"నాది మునిగినప్పుడు మీరు చూస్తూనే ఉన్నారు కదండీ, అత్తగారూ."

ఫోన్ పెట్టేసి మిసుజు వేడివేడిగా టీ పెట్టుకుంది. సంతోషంతోనే. కానీ అతను ఓడినంత మాత్రాన తను పోగొట్టుకున్నది తిరిగి రాలేదు. ఆ సంగతి ఆ పూటంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

తర్వాతి వారం మిసుజు ఆఫీసులో మేనేజరు అందరినీ కూర్చోబెట్టి కొత్త శాఖ సంగతి చెప్పాడు. దానికి పెద్దగా వెళ్ళేవాళ్ళు సోమవారం నుంచి బుధవారం దాకా సెందాయ్ ఊళ్ళో ఉండాలట. మిసుజు వైపు జాలిగా చూసి, మీకు కుదరదులెండి, పిల్ల ఉంది కదా అని, పక్కనున్న కుర్రవాడి వైపు తిరిగాడు.

"ఉందండీ," అంది మిసుజు. "పిల్లకు నాన్న కూడా ఉన్నాడు. నా పేరు రాసుకోండి."