జడలు కుట్టిన చీమలు

పొద్దున్నే బకెట్లతో బాత్‌రూమ్ ముందు వరస కట్టడం, మెస్‌లో పళ్ళెం పట్టుకుని అటుకుల పోహా కోసం నిలబడటం, ఆనక క్లాసుకు పరుగు. జగదల్‌పూర్ యూనివర్సిటీ హాస్టల్లో ఆడపిల్లలందరి బతుకూ ఇంతే, కోసే అనే పిల్ల బతుకూ ఇంతే. కాకపోతే పళ్ళెం ముందు కూర్చోగానే కోసే తల వంచి, కళ్ళు మూసుకుని, తెలుగులో ఏదో గొణుక్కుంటుంది. ఆ అలవాటు కొత్తది. పోయిన ఎండాకాలమే వాళ్ళ ఇల్లంతా ఏసుప్రభువును నమ్ముకుంది.

అందుకని ఆమె పక్కన ఎవరూ కూర్చోరనుకునేరు! ఎవరు ఎవరికి మొక్కుకుంటే మిగతా పిల్లలకేం పట్టింది? కూర్చోనిది రీనా ఒక్కతే. రీనాదీ కోసే ఊరే, మరైగూడ అవతల అడవిలో. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బుట్టలోకి ఇప్పపువ్వు ఏరినవాళ్ళు. కోసే ఇంటివాళ్ళు చర్చికి పోతున్నారని ఊరి పెద్దలు వాళ్ళతో కూడూ నీళ్ళూ కలపొద్దన్నారు. కలిపితే ఆ ఇంటిని కూడా పండుగకు పిలవరట. కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన వార్డెన్ ఉమామహేశ్వరి మేడమ్‌కు ఈ గొడవలేం తెలుసు పాపం! "ఒకే ఊరివాళ్ళు కదమ్మా, తోడుంటారు" అని ఇద్దరినీ ఒకే గదిలో వేసింది. మంచాలు తలవైపున ఆనుకుని ఉన్నాయి. మాటలు మాత్రం లేవు.

కిటికీ బయటి మామిడిచెట్టు మీది ఎర్రచీమలు ఊరుకోలేదు. విడివిడిగా ఉన్న ఆకుల్ని తెల్లదారంతో కలిపి కుట్టడం వాటి పని. ఆకులు చాలనప్పుడు గదుల్లోకి వస్తాయి. ఓరోజు ఇద్దరి దుప్పట్లూ అంచులు కలిపి కుట్టాయి. ఇంకోరోజు చెప్పులు. హాస్టల్లో ఎవరూ వింతపడలేదు, చీమలన్నాక కుట్టవా? రీనా మూతి ముడుచుకుని దారం తెంపేది. కోసే ఏడుపు దిగమింగుకునేది.

అర్థంకాని హిందీ పాఠాల్ని కోసే ఓర్చుకుంది గానీ, ఈ మౌనాన్ని ఓర్చుకోలేకపోయింది. "నాతోని కాదమ్మా. ఆదివారం బస్సెక్కి వచ్చేస్త. చదువొద్దు, ఏమొద్దు" అని ఇంటికి ఫోన్ చేసి, సంచి సర్దుకుంది. రీనా గోడవైపు తిరిగి పడుకుని అంతా విన్నది.

ఆదివారం తెల్లారి కోసే లేవబోతే జడ రాలేదు.

"అబ్బా! ఏందే ఆ గుంజుడు?" అని అరిచింది రీనా. హాస్టల్‌కి వచ్చాక ఆమె కోసేతో అన్న మొదటి మాట అదే. చూస్తే ఏముంది, చీమలు ఇద్దరి జడల్నీ కలిపి కుట్టేశాయి.

వార్డెన్ వచ్చి చూసింది. "ఈసారి జడలా? కత్తెర పెట్టకండి, జుట్టు పాడవుతుంది. దారం దానంతటదే వదులుతుంది. పోయి తినండి."

"నా బస్సు, మేడమ్?"

"ఇద్దరికీ కలిపి ఒక టికెట్ ఇస్తరేమో అడుగు" అంది రీనా కోపంగా.

ఊరివైపు పోయే కొంటా బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరూ తలలు ఆనించుకుని మెస్‌కి నడిచారు. పిల్లలు జరిగి చోటిచ్చారు. కోసే తల వంచింది. జడతోపాటు రీనా తలా వంగింది.

"ఇంకెంతసేపే?"

"అయిపోయింది."

తర్వాత రీనా ఎప్పట్లాగే చిటికెడు అటుకులు తీసి, చనిపోయిన పెద్దల పేరు చెప్పి నేలమీద వేయడానికి వంగింది. ఈసారి కోసే తల వంగింది. పాస్టర్‌గారికి తెలిస్తే ఏమంటారోనని ఆమెకు భయం. రీనాకు ఊరి భయం. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వేశారు.

"ఊళ్ళ తెలిస్తే ఎట్లనే?" అంది కోసే.

"చీమలు కుట్టినయ్ అని చెప్త. చీమలతోని ఎవరు పంచాయితీ పెడ్తరు?"

ఆ రోజంతా వాళ్ళు అలాగే తిరిగారు. ఇప్పపువ్వు రోజులు గుర్తొచ్చి కడుపునిండా మాట్లాడుకున్నారు. అయినా సాయంత్రానికి కోసే "రేపటి బస్సుకు పోతనే" అంది.

భోజనం ముందు కోసే కళ్ళు మూసుకుంది. అమ్మను, నాన్నను, ఊరిని, పక్కనున్న పిల్లను తలుచుకుంది. ఇవాళ ప్రార్థన కాస్త పెద్దదే అయింది. కళ్ళు తెరిచేసరికి తన జడ విడిగా ఒళ్ళో ఉంది. రీనా జడ రీనా వీపుమీద ఉంది.

రీనా తల మాత్రం ఇంకా వంచే ఉంది.

"చీమలు వదిలేసినయే" అంది కోసే మెల్లగా.

"ఎప్పుడో వదిలినయ్. నీదే తెమలలే. అయిందా? ఆకలైతాంది."

అన్నం ఎలా తిన్నదో కోసేకే తెలియదు. గదికి పోయేసరికి అమ్మ ఫోన్.

"రాకపోతివేందే?"

"చీమలు కుట్టినయమ్మా."

"అట్లనా? మరి రేపు?"

అప్పటికే రీనా మంచం మీద కూర్చుని కోసే సంచిలోని బట్టలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

"రేపు గూడ కుడతయమ్మా" అంది కోసే.