రోడ్డుకి అటువైపు బడి

మా న్యూజెర్సీ అపార్ట్‌మెంట్లకి కొత్తగా ఏ తెలుగు కుటుంబం రావాలన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. పన్నెండేళ్ళుగా దమయంతి ఆంటీ మాటంటే వేదవాక్కు. నేనూ తడుముకోకుండా ఒకటే చెప్పేదాన్ని: ఇల్లు రోడ్డుకి ఇటు తీసుకోండి, అటు వద్దు, అటు స్కూల్ మంచిది కాదు. ఇక్కడ ఇల్లు ఎటుంటే పిల్లలు అటు బడికే వెళ్ళాలి. అటు బడిలో దాదాపు అందరూ నల్లవాళ్ళ పిల్లలు, స్పానిష్ మాట్లాడేవాళ్ళ పిల్లలు. ఆ ముక్క నేనూ అనలేదు, వాళ్ళూ అడగలేదు. అయినా అందరికీ అర్థమయ్యేది.

ఈ ఏడాది అటువైపు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. పిల్లలు రంగునుబట్టి విడివిడిగా చదువుతున్నారనీ, బడుల హద్దులు మార్చి అందర్నీ కలపాలనీ వాళ్ళ కేసు. ఎవర్నీ ఎవరూ విడదీయలేదు, ఎవరికి నచ్చినచోట వాళ్ళు ఇల్లు తీసుకున్నారని ప్రభుత్వం వాదన. లైబ్రరీలో జరిగిన మీటింగ్‌లో తల్లిదండ్రుల లాయరు డెనీస్ ఇది చెబుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. నచ్చినచోటట! నచ్చజెప్పింది నేను కాదూ? మీటింగ్ అయ్యాక వెళ్ళి ఆమెకదే చెప్పాను. ఈ మాట ప్రమాణం చేసి చెబుతారా అని అడిగింది.

ఇంట్లో చెబితే మా ఆయన రాజారావు బిక్కచచ్చిపోయాడు. గ్రీన్‌కార్డ్ ఇంకా రాలేదు, మనకెందుకీ కోర్టులన్నాడు. నా భయం అది కాదు. నా మాట విని వచ్చిన నలభై కుటుంబాలకీ నేనే మచ్చ తెచ్చినట్టవుతుంది. రేపట్నుంచి నా ముఖం చూసేవాళ్ళుండరు. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగోరోజు నామీద నాకే ఒళ్ళుమండి, ప్రమాణం చేసి చెబుతానని డెనీస్‌కి ఫోన్ చేశాను.

సాక్ష్యం కోర్టుకంటే ముందు లాయర్ల ఆఫీసులోనే రికార్డ్ చేస్తారట; ఆమె చెప్పిన రోజున వెళ్తే అక్కడే ప్రమాణం చేయించారు. ఆ బడిలోకి ఒక్కసారైనా వెళ్ళారా అని ప్రభుత్వం తరఫు లాయరు అడిగాడు. లేదన్నాను. అక్కడి టీచర్లెవరైనా తెలుసా అన్నాడు. తెలీదన్నాను. ఇక నా సాక్ష్యం గాల్లో కలిసినట్టేనని ఆయన ధీమా.

"మరి ఏం తెలిసి అందరికీ వద్దని చెప్పారు?"

"ఏమీ తెలీదు సర్. పిల్లల రంగు చూసి చెప్పాను. వాళ్ళు నమ్మారు. నచ్చి తీసుకున్నారని మీరంటున్నది దీన్నే."

ఆయన కాగితాలు సర్దుకుని ఇక ప్రశ్నల్లేవన్నాడు.

బయటికొస్తే అంకిత కూర్చుని ఉంది. నా మాట విని ఇటు ఇల్లు తీసుకున్న మొదటి అమ్మాయి. మా ఆయన ఫోన్ చేసి చెప్పాడట. కడిగేయడానికే వచ్చిందనుకుని నిలబడిపోయాను.

"మీరు చెప్పారు సరే ఆంటీ, ఎందుకని నేను అడగలేదు కదా. అర్థమయ్యే అడగలేదు. నాది కూడా రికార్డ్ చేసుకోమనండి."

అంకిత చెయ్యి పట్టుకుని లోపలున్న డెనీస్ దగ్గరికి తీసుకెళ్ళాను.