ఒట్టి జాడీ పంపకూడదు

నేను ఒక అట్టపెట్టెను. మూడు పొరల దాన్ని. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, చూసిన ప్రతివాళ్ళూ నన్ను ఉత్త కాగితం కింద లెక్కగడతారు. నా నడుమ పొర అలలు అలలుగా ఉంటుంది. బలమంతా అక్కడే. ఎవరూ పైన కూర్చోనంతవరకూ ఆ బలానికి ఢోకా లేదు. కానీ మనుషులకు పెట్టె కనిపిస్తే చాలు, కూర్చోబుద్ధవుతుంది.

పాత లెక్కల పుస్తకాలు, పెళ్ళి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు కలిపి నానబెట్టి, రుబ్బి, ఆరబెట్టి నన్ను తయారుచేశారు. అందుకని నాలో లెక్కలున్నాయి, ఆశీర్వాదాలున్నాయి, అబద్ధాలైతే బోలెడు. మొదటి ఉద్యోగం బిస్కెట్లు మొయ్యడం. సామర్లకోటలో ఒక కిరాణా కొట్టుకు చేరి, బిస్కెట్లు అయిపోయాక కొట్టు వెనక పడ్డాను. అక్కడ ఒక పిల్లి నాలో కాపురం పెట్టి, పిల్లల్ని పెంచుకుని, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది.

తర్వాత నన్ను దులిపి ఇంటికి తెచ్చుకుంది వకుళ. ఆమె ఇంట్లో కూర్చునే ఫోన్‌లో జాడీలు అమ్ముతుంది. ఊరగాయలు పెట్టుకునే పింగాణీ జాడీలు. ఆ ఇంట్లో ఇల్లు మామగారి పేరు మీద, బండి మొగుడి పేరు మీద, గ్యాసు అత్తగారి పేరు మీద ఉన్నాయి. ఆ ఫోన్‌లోని దుకాణం ఒక్కటే వకుళ పేరు మీద ఉంది. రోజుకు పదిసార్లు తెరిచి తన పేరు చూసుకుని మురిసిపోయేది. నేను మంచం కింద నుంచి చూసేదాన్ని.

జాడీలు కట్టే పని మాత్రం అత్తగారు రత్తమ్మది. ఆవిడ జాడీకి ముందు పాత పేపరు చుట్టి, దాని మీద పాత నేత చీర ముక్క చుట్టి, పెట్టెలో దించి, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. లోపల ఏమాత్రం చప్పుడైనా మొత్తం విప్పి మళ్ళీ కట్టేది. ఆ పనితనం చూసి మా పెట్టెలన్నీ ఆవిడ చేతిలో పడాలనే కోరుకునేవి.

అంతా బాగానే ఉండగా ఒకరోజు ఒక కంప్లయింటు వచ్చింది. జాడీకి ఆర్డరు పెడితే చీమలు వచ్చాయట. వారం తిరక్కుండా ఇంకొకటి. లోపల పసుపు ఉంది, మాకు వాడేసిన జాడీ అంటగట్టారు అని. మూడో కంప్లయింటు వస్తే దుకాణం మూసేస్తామని ఆ ఫోన్ దుకాణం నడిపే కంపెనీవాళ్ళు వకుళకు కబురు పెట్టారు. వకుళకు అన్నం సయించలేదు. కొరియర్ వాళ్ళను తిట్టింది, జాడీలు పంపే వ్యాపారిని తిట్టింది. పక్కనే చింతపండు గింజలు తీస్తున్న రత్తమ్మ మాత్రం తలెత్తలేదు.

దొంగ మర్నాడే దొరికింది. రత్తమ్మ కొత్త జాడీలో బెల్లం ముక్క వేసి మూత పెడుతుండగా వకుళ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, మనం అమ్మేది జాడీ. బెల్లం కాదు."

"అయితే మాత్రం ఒకరింటికి ఒట్టి జాడీ ఎలా పంపుతావే? ఆ కొంపలో ఏమీ లేదనుకోరూ?"

వకుళ కోప్పడలేదు. కూర్చుని ఏడ్చింది. ఈ ఒక్కటీ నాదనుకున్నాను అత్తయ్యా, ఇదీ పోయేలా ఉంది అంది. రత్తమ్మ చేతిలో బెల్లం కరుగుతోంది. ఇక మీద తినేదీ, వంటలో వేసేదీ ఏదీ జాడీలో వెయ్యనని కోడలి తల మీద చెయ్యి పెట్టి మాటిచ్చింది. మాట ఇచ్చేటప్పుడు ఆవిడ ఏరుకున్న పదాలు నేను జాగ్రత్తగా విన్నాను. వకుళ వినలేదు.

అప్పుడే నా వంతు వచ్చింది. జగిత్యాలలో రాజవ్వ అనే ఆవిడ కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వచ్చిన వాళ్ళకు పంచడానికి ముప్పై జాడీలు కావాలట. ముందు ఒకటి పంపండి, చూసి చెబుతానంది. ఆ ఒక్కటీ నాలోకి ఎక్కింది. నా మీద 'జాగ్రత్త, పగిలే వస్తువు' అని కాగితం అంటించారు. ఆ కాగితం ఏం పాపం చేసిందో గానీ, అది కనిపించిన ప్రతి గోడౌనులోనూ నన్ను ఇంకాస్త ఎత్తు నుంచి విసిరారు. ఒకచోట ఇద్దరు నా మీద కూర్చుని టీ తాగారు. ఎక్కడో లోపల టక్కుమంది.

రాజవ్వ ఫోన్‌ను చెంబుకు ఆనించి, వీడియో తీస్తూ నన్ను కోసింది. మోసం జరిగితే సాక్ష్యం ఉండాలి కదా. జాడీ బయటికి తీసి చూస్తే అంచు పెచ్చు లేచిపోయి ఉంది. "పలిగింది, చూడుండ్రి," అని ఫోన్‌కు చూపించింది. అయిపోయింది, వకుళ దుకాణం మూతపడ్డట్టేననుకున్నాను. అంతలో రాజవ్వ మూత తీసింది. లోపల ఆకుపచ్చ రవికల గుడ్డ, దాని మడతలో చిన్న కుంకుమ పొట్లం.

రత్తమ్మ మాట తప్పలేదు. రవికల గుడ్డ తినేది కాదు, వంటలో వేసేదీ కాదు.

రాజవ్వ వీడియో ఆపేసింది. గుడ్డను ఒళ్ళో పరుచుకుని మడతలు సాపు చేసింది. ఇల్లు కట్టినన్నాళ్ళూ ఇటుకలు పంపినవాళ్ళున్నారు, సిమెంటు పంపినవాళ్ళున్నారు, బొట్టూ బట్టా పంపినవాళ్ళు ఒక్కళ్ళూ లేరని తనలో తనే అనుకుంది. ఆ కుంకుమే నుదుట పెట్టుకుంది.

కొన్నాళ్ళకు నేను మళ్ళీ సామర్లకోట చేరాను. గుమ్మంలో నన్ను చూసి వకుళ మొహం పాలిపోయింది. గుమ్మంలోనే నన్ను విప్పింది. అదే పెచ్చూడిన జాడీ, దాని నిండా సకినాలు. దారి పొడవునా పడ్డ కుదుపులకు సగం విరిగాయి గానీ, నువ్వుల వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఏమీ అర్థంగాక ఫోన్ చేసింది.

"అంచు పలిగింది బిడ్డా. కంప్లయింటు పెడదామనే ఫోన్ వట్టుకున్న," అంది రాజవ్వ. "బొట్టు, బట్ట పంపినోళ్ళ మీద ఎట్ల పెడ్తరు? జాడీ వాపస్ పంపుదామంటే, ఒట్టిగ ఎట్ల పంపుతరు? గందుకే సకినాలు వోసిన. మిగిలిన జాడీలు జెల్ది పంపుండ్రి, గట్టిగ కట్టుండ్రి."

వకుళ ఫోన్ పెట్టేసి అత్తగారి వైపు చూసింది. ఈ సకినాలు నేను వెయ్యలేదు సుమా అని రత్తమ్మ ముందే చెప్పేసింది. ఆ సాయంత్రం వకుళ బజారుకు వెళ్ళి రవికల గుడ్డల మూట తెచ్చి అత్తగారి పక్కన పెట్టింది.

నా పని మాత్రం అయిపోయింది. మూలలు నలిగి, టేపు లాగిన చోటల్లా పై పొర ఊడి, ఇంకొక జాడీ మొయ్యలేనని తేలిపోయింది. పాత పేపర్ల బండి వచ్చిన రోజు వకుళ నన్ను పట్టుకుని గేటు దాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చి, అత్తగారు చూడటం లేదని నిర్ధారించుకుని, నాలుగు సకినాలు పొట్లం కట్టి నాలో వేసింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు బండి అతను.

"ఒట్టిది ఎలా ఇస్తామండీ," అంది వకుళ.

లోపలి గదిలో రత్తమ్మ దగ్గింది. నవ్వు ఆపుకోవడానికి మనుషులు దగ్గే దగ్గు అది.

ఇప్పుడు బండి మీద వెళుతున్నాను. మళ్ళీ నానబెడతారు, మళ్ళీ రుబ్బుతారు. బండి అతను ఒక్కో సకినం కొరుకుతూ తొక్కుతున్నాడు, పొట్లంలోంచి నూనె నా అడుగుకు అంటింది. వచ్చే జన్మలో నాలో లెక్కలూ, ఆశీర్వాదాలూ, అబద్ధాలతోపాటు ఈ మరక కూడా ఉంటుంది.